చైను బిగువు తెలిసిన వేలు

ముప్ఫై నాలుగేళ్ళు నేను కొలతల ఉద్యోగం చేశాను. హబ్సిగూడలో ఒక పరిశోధనా సంస్థ వర్క్‌షాపులో కూర్చుని, వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా వస్తువును వెనక్కి పంపేసేవాణ్ణి. మురళీధర్ గారి బల్ల మీదికి వెళ్తే పని తెమలదని కుర్రాళ్ళు చాటున విసుక్కునేవారు. అది నాకు బిరుదులా ఉండేది. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. సిద్దయ్య గురించి రాయాలంటే ముందు ఈ ముక్క చెప్పక తప్పదు, ఎందుకంటే అతని దుకాణం మూతపడటంలో నా చేయి ఉంది.

దుకాణం అంటే దుకాణం కాదు. నాచారం పారిశ్రామికవాడకు వెళ్ళే దారిలో, ఎప్పుడో మూసేసిన ఒక ఫ్యాక్టరీ ప్రహరీ గోడకు మేకులు కొట్టి కట్టిన నీలం పరదా. దాని కింద ఒక చెక్క పెట్టె, గాలి పంపు, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, నాలుగు పానాలు. ఆ గోడ వెనక స్థలం ఒకప్పుడు సిద్దయ్య తండ్రి జొన్న చేను. ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకున్నప్పుడు అదీ పోయింది. తండ్రికి అదే ఫ్యాక్టరీలో కాపలా పని ఇచ్చారు. సొంత చేనుకు కాపలా కాసిన మనిషి ఆయన. సిద్దయ్య దాన్ని నవ్వుతూనే చెప్పేవాడు. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.

పదహారేళ్ళప్పుడు ఉప్పల్ చౌరస్తాలో గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణంలో చేరాడు. అక్కడి ఉస్తాద్ పని నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. చైను బిగించే పని వచ్చిందంటే శిష్యుడి కళ్ళకు తువ్వాల చుట్టేవాడు. కళ్ళు మోసం చేస్తాయి, వేలు చేయదు అనేది ఆయన లెక్క. చూస్తూ బిగిస్తే చేతి మీద ఒక్కటి పడేది. అలా రెండేళ్ళు గుడ్డివాడిలా నేర్చుకున్నాడు సిద్దయ్య. తర్వాత నలభై ఐదేళ్ళు కళ్ళు తెరుచుకునే పని చేశాడు కానీ, చైను దగ్గరకు వచ్చేసరికి తల పక్కకు తిప్పి రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తుండేవాడు.

అద్దె సైకిళ్ళ కాలం పోయింది. బండ్లొచ్చాయి, మెట్రో వచ్చింది, సైకిలు తొక్కేవాళ్ళు పలచబడ్డారు. అయినా అతని పొయ్యి వెలిగిందంటే దానికి కారణం మా బోటి వాళ్ళ తెలివితక్కువతనమే. అపార్ట్‌మెంట్లలో పిల్లలకు ఇరవయ్యొక్క గేర్ల సైకిళ్ళు కొంటాం. గేటు నుంచి గేటు దాకా తొక్కడానికి అన్ని గేర్లెందుకని ఒక్కరూ అడగరు. ఏడాది తిరిగేసరికి గేర్లు తుప్పు పడతాయి, పిల్లలు పెద్దవుతారు, సైకిలు సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోతుంది. అక్కడి నుంచి ఏ పనిమనిషి కూతురికో, కాపలావాడి తమ్ముడికో చేరుతుంది. వాళ్ళు దాన్ని నడిపించుకుంటూ సిద్దయ్య దగ్గరకు తెచ్చేవారు. అతను గేర్లు పీకేసి, ముందొకటి వెనకొకటి పళ్ళ చక్రం మిగిల్చి, ఒకే వేగంతో నడిచే సైకిలుగా మార్చి ఇచ్చేవాడు. ఆ పనికి అతను పెట్టుకున్న పేరు 'సాదా జేసుడు'. ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్ళే సగం మంది అతను సాదా చేసిన సైకిళ్ళ మీదే వెళ్ళేవారు.

అందులో కష్టమంతా చివర్లో ఉంటుంది. గేరు సైకిలుకు వెనక స్ప్రింగుతో ఒక చిన్న చేయి వేలాడుతూ, చైనును ఎప్పుడూ లాగి పట్టుకుంటుంది. దాన్ని తీసేశాక చైనుకు ఆసరా ఉండదు. చైనును సరైన పొడవుకు తెంచి, వెనక చక్రాన్ని దాని గాడిలో కొద్దికొద్దిగా వెనక్కి లాగి బిగించాలి. మరీ బిగిస్తే పెడల్ బరువెక్కి, బేరింగులు అరిగిపోతాయి. వదిలేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు చైను పళ్ళ మీద నుంచి జారిపోతుంది. నడుమ ఎక్కడో ఒక చోటుంది. సిద్దయ్య ఎడమ చేత్తో పెడల్ మెల్లగా తిప్పుతూ, కుడి చూపుడు వేలు చైను కింద ఆనించి, ఆటోలను చూస్తూ ఆ చోటు పట్టుకునేవాడు. వేలు ఆగిందంటే పానా తిరిగేది. నేను సాయంత్రం నడకకు వెళ్తూ ఆగి చూసేవాణ్ణి. స్కేలు లేదు, గేజి లేదు. ఒక్క సైకిలూ వెనక్కి వచ్చేది కాదు. నాకు అసూయగా ఉండేది.

నిరుడు ఎండాకాలంలో మూడు సైకిళ్ళు వెనక్కి వచ్చాయి. మూడింటికీ ఒకటే ఫిర్యాదు, పెడల్ బరువుగా ఉందని. సిద్దయ్య వాటిని మళ్ళీ సరిచేసి పంపాడు. అందులో ఒకటి మళ్ళీ వచ్చింది. ఆ రోజు అతను ఇంటికెళ్ళి అన్నం తినలేదని అతని భార్య బాలనర్సమ్మ తర్వాత చెప్పింది.

బాలనర్సమ్మ ఆ పరదా పక్కనే సాయంత్రాలు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. అసలు సంగతి ఆమె కనిపెట్టింది. ఒక సాయంత్రం పెనం దించమంటే సిద్దయ్య గుడ్డ లేకుండా దించాడు. దించి, పక్కన పెట్టి, బీడీ వెలిగించుకున్నాడు. చేతికి బొబ్బలు లేచాయి. అతనికి తెలియలేదు.

షుగరు. పదేళ్ళుగా ఉన్నదే. పాదాలు ముందే మొద్దుబారాయి, అందుకే సైకిలు తొక్కి చూసే పని ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు వేళ్ళు. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ, ఉన్నది కాపాడుకో, పోయింది తిరిగి రాదు అని చెప్పేసింది. దాచకుండా చెప్పినందుకు ఆమెను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఈ మాటలన్నీ నాకు బాలనర్సమ్మే చెప్పింది, రొట్టె తడుతూ, తల ఎత్తకుండా. చివర్న ఇంకో మాట అంది.

"ఇంకొక్క సైకిల్ ఎనుకకొస్తే దుకాణం మూస్తా అన్నడు సార్. ఆయిన అంటే అన్నట్టే. దుకాణం మూస్తే ఇంట్ల కూసుంటడా? మనిషే ఉండడు."

నేను రంగంలోకి దిగాను. కొలతల మనిషిని కదా, ఇదొక సమస్యా అనుకున్నాను. రంపం బ్లేడు విరిగిన ముక్క తీసుకుని, దాని మీద అర అంగుళానికి సన్నగా గీతలు గీసి ఇచ్చాను. చైను మధ్యలో నొక్కితే అర అంగుళం కదలాలి, అంతే, వేలితో పనేముంది అన్నాను. సిద్దయ్య దాన్ని రెండు చేతులతో తీసుకుని, దండం పెట్టినంత పని చేశాడు.

వారం తిరక్కుండానే ఒక కుర్రాడు దారిలో నన్ను ఆపి, తొక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెప్పాడు. అతని సైకిలు చూశాను. చైను తీగలా ఉంది. సిద్దయ్యను అడిగితే బ్లేడు పెట్టి కొలిచే బిగించానన్నాడు. ఒకసారి నా ముందు చేసి చూపించమన్నాను. అప్పుడు అర్థమైంది. అర అంగుళం అని చెప్పాను కానీ ఎంత గట్టిగా నొక్కితే అర అంగుళమో చెప్పలేదు. అతను ఎంత నొక్కుతున్నాడో అతనికే తెలియదు. బలమంతా పెట్టి నొక్కితే చైను దిగేది, ఇంకా వదులుగా ఉందనుకుని ఇంకా బిగించేవాడు. పైగా ముందు పళ్ళ చక్రం ఎక్కడా నిజంగా గుండ్రంగా ఉండదట. తిప్పుతుంటే ఒక చోట చైను బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. ఆ బిగుసుకునే చోటు దొరికాక, అక్కడ సరిచూడాలి. వేలి మీద చైను పారుతుంటే అతనికి అది దానంతటదే తెలిసేది. నా బ్లేడుకు తెలియదు.

ఆ కుర్రాడి సైకిలును నేనే దగ్గరుండి వదులు చేయించి, సిద్దయ్య పరువు కాపాడాననుకున్నాను. తర్వాత నా రెండో తెలివైన ఆలోచన చెప్పాను. పని నీది, వేలు నాది. ఏదైనా చైను సైకిలు వస్తే నాకు ఫోను చెయ్యి, నేను వచ్చి తాకి చెబుతాను.

ఆగస్టు నుంచి అలా సాగించాం. మా ఇద్దరినీ చూసి ఎదురుగా ఉన్న టీ బండి అతను నవ్వుకునేవాడు. సిద్దయ్య పెడల్ తిప్పేవాడు, నేను గొంతుక్కూర్చుని చైను కింద వేలు పెట్టేవాణ్ణి. ఎట్లుంది సార్ అనేవాడు. కాస్త బిగువుగా ఉంది అనేవాణ్ణి. కాస్త అంటే ఎంత? దానికి నా దగ్గర మాట లేదు. ఎండిన బీరకాయ తీరుగనా, తడి తాడు తీరుగనా అని అడిగేవాడు. నాకు రెండూ ఒకటే. నా వేళ్ళలో నరాలన్నీ భేషుగ్గా ఉన్నాయి, కాని వాటికి చదువు లేదు. అతని దగ్గర చదువంతా ఉంది, నరాల్లేవు. ఇద్దరం కలిస్తే ఒక్క మెకానిక్ కావాల్సింది. ముప్పాతిక కూడా కాలేదు. ఏదోలా నెట్టుకొచ్చాం. అదృష్టం బాగుండి ఏ సైకిలూ వెనక్కి రాలేదు. అతను మెల్లగా మళ్ళీ పాటలు పాడటం మొదలుపెట్టాడు. నేనూ ఆశపడ్డాను, అబద్ధం చెప్పను.

నవంబరులో సరిత వచ్చింది. ఉప్పల్ బీరప్పగడ్డలో ఉంటుంది. నాచారంలో ఒక మందుల కంపెనీలో సీసాలు పెట్టెల్లో సర్దే పని, కాంట్రాక్టు మీద. తల్లి పనిచేసే ఇంట్లో ఇచ్చిన ఊదారంగు గేరు సైకిలును సాదా చేయమని వదిలివెళ్ళింది. పొద్దున్నే ఆరింటి షిఫ్టుకు ఆటో దొరకడం లేదని, ఈ సైకిలు తయారైతే నిశ్చింత అని చెప్పింది. సిద్దయ్యను మామా అని పిలుస్తుంది.

మర్నాడు సిద్దయ్య ఫోను చేసినప్పుడు నేను తయారై, బ్యాంకుకు బయలుదేరుతున్నాను. పింఛను తీసుకునేవాళ్ళం ఏటా నవంబరులో వెళ్ళి, మేమింకా బతికే ఉన్నామని యంత్రం మీద వేలిముద్ర వేసి రావాలి. కిందటేడు నా వేలు పడక మూడుసార్లు తిప్పారు. అందుకని ఆ రోజు మా ఆవిడ ఛాయాదేవి నా వేళ్ళను సబ్బుతో కడిగించి, కొబ్బరినూనె కూడా రాసింది. దారే కదా అని పరదా దగ్గర ఆగాను. తెల్ల చొక్కా.

సిద్దయ్య చక్రాన్ని గాడిలో లాగి పట్టుకుని నా కోసం చూస్తున్నాడు. సరిత పక్కనే నిలబడి ఉంది. చైనుకు పాత గ్రీజు నల్లగా పేరుకుని ఉంది. నేను కూర్చోలేదు. వంగి, గోటి కొసతో చైనును ఒక్కచోట అలా తాకాను. బిగువుగానే అనిపించింది.

"సరిపోయింది సిద్దయ్యా. బిగించెయ్."

"ఇంకో దగ్గర తిప్పి సూడున్రి సార్ జర," అన్నాడు.

"చూశానులే," అన్నాను.

చూడలేదు. అతను ఒక్క క్షణం నా వైపు చూసి, తల వంచుకుని పానా తిప్పాడు. సరిత రోడ్డు మీద ఒక చుట్టు తొక్కి వచ్చి, గాలిలో పోతున్నట్టుంది మామా అంది. నేను బ్యాంకుకు వెళ్ళాను. మొదటిసారికే ముద్ర పడింది. బతికే ఉన్నానని కాగితం ఇచ్చారు.

నాలుగో రోజు పొద్దున ఆరు కావొస్తుండగా, కంపెనీ ముందు ఎత్తులో ఆమె లేచి నిలబడి తొక్కింది. చైను జారింది. పెడల్ ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, మనిషి ముందుకు పడింది. మణికట్టు రెండుచోట్ల విరిగింది. వెనకాల ఆటో అతను సకాలంలో తిప్పుకున్నాడు, లేకపోతే ప్రాణమే పోయేది.

వారం తర్వాత చేతికి కట్టుతో వచ్చింది. మంచి చేత్తో సైకిలు నడిపించుకుంటూ బీరప్పగడ్డ నుంచి అంత దూరమూ నడిచి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, పరదా బయట, టీ గ్లాసు పట్టుకుని. ఆమె అరిచి ఉంటే బాగుండేది. సైకిలు గోడకు ఆనించి, దీన్ని నీ దగ్గరే ఉంచుకో మామా, ఎవరికన్నా ఇచ్చెయ్ అంది. కంపెనీలో ఆమె చోట్లో వేరే పిల్లను పెట్టుకున్నారట. ఒంటి చేత్తో సీసాలు సర్దలేరు కదా అని వాళ్ళ తరఫున కూడా తనే చెప్పింది.

సిద్దయ్య లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ పైకెత్తి, ఆమెకు చూపించాడు.

"తప్పు నాదే బిడ్డా. నా చేతులు పోయినయ్. ఆర్నెల్లైంది. చెప్పకుంట పని జేసిన."

అతను నా వైపు చూడలేదు. నా పేరు ఎత్తలేదు. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. వెంట్రుక మందంలో పదో వంతు తేడాకు పనివాళ్ళను నిలబెట్టి కడిగేసిన నోరు, ఆ రోజు టీ తాగింది. నా జీవితంలో అంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు.

మర్నాడు పరదా లేదు. గోడకు మేకులు మిగిలాయి. పానాలు, పంపు పాత ఇనుము వాడికి పోయాయి. ఊదారంగు సైకిలును మాత్రం నేను అడిగి తీసుకున్నాను. ఎందుకని అతను అడగలేదు.

దాన్ని మా సెల్లార్లో తలకిందులుగా నిలబెట్టి, రోజూ పొద్దున అరగంట దాని ముందు కూర్చునేవాణ్ణి. పెడల్ తిప్పడం, వేలు ఆనించడం. ముందు ఏమీ తెలియలేదు. తువ్వాల కట్టుకుని చేశాను. మెట్లు దిగి వచ్చిన పక్క ఫ్లాటు ఆయన నన్ను ఆ అవతారంలో చూసి, లిఫ్టులో వెనక్కి వెళ్ళిపోయాడు. డిసెంబరు గడిచింది. జనవరి చివర్లో ఒక పొద్దున, పెడల్ తిరుగుతుండగా చైను వేలి కింద ఉన్నట్టుండి గట్టిపడింది. కొంచెం, బీరకాయ ఎండినంత. పావు చుట్టు దాటగానే మళ్ళీ మెత్తబడింది. ఇంకోసారి తిప్పాను. అదే చోట, అదే గట్టిదనం. కళ్ళకు కట్టిన తువ్వాల తడిసింది.

ఆ వేళ నేను గోటి కొసతో తాకింది ఆ చోటే అయి ఉంటుంది. మిగతా చుట్టంతా చైను వేలాడుతూనే ఉంది. అరచేయి ఆనించి ఒక్క చుట్టు తిప్పి ఉంటే నాబోటి మొద్దుకు కూడా తెలిసేది.

చక్రం లాగి, సరిచూసి, బిగించాను. నా అంతట నేను చేసిన మొదటి సైకిలు. బీరప్పగడ్డకు తీసుకెళ్ళాను. సరిత గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. చేయి అతుక్కుంది కానీ పిడికిలి పూర్తిగా ముడవడం లేదు, బ్రేకు పట్టుకోలేకపోతోంది. చైను ఇప్పుడు బాగుందమ్మా అన్నాను. బాగుంటది సార్, కానీ నేనిక సైకిలెక్క అంది. ఆ చైను ఊడటానికి కారణం నేనేనని ఆమెకు చెప్పాను.  ఇప్పుడు చెబితే ఏమొస్తది సార్ అని మెల్లగా తలుపు వేసుకుంది.

అక్కడి నుంచి ఏఎస్ రావు నగర్ వెళ్ళాను. సిద్దయ్య అక్కడ ఒక కోచింగ్ సెంటరు కింద బండ్లు పెట్టేచోట కూర్చుంటున్నాడని బాలనర్సమ్మ చెప్పింది. బండ్లకు చీటీలు ఇచ్చే పని. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, ఒంటికి పెద్దదైన యూనిఫారం చొక్కాలో ఉన్నాడు. చీటీలు చింపుతుంటే ఒక్కోసారి రెండేసి వస్తున్నాయి. వేళ్ళకు తెలియడం లేదు, కళ్ళు దగ్గర పెట్టుకుని విడదీస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను.

బిగుసుకునే చోటు దొరికిందని చెప్పాను.  మంచిదాయె సార్ అన్నాడు. ఇద్దరం కలిసి మళ్ళీ పరదా కడదామన్నాను. పనులు పోయినయ్ సార్, పానాలు పోయినయ్, ఆ పిల్ల చెయ్యి పోయింది అన్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"సిద్దయ్యా, ఆ రోజు నేను తిప్పి చూడలేదు. అబద్ధం చెప్పాను."

ఒక స్కూటరు వచ్చింది. అతను చీటీ ఇచ్చి, స్కూటరు లోపలికి పోయేదాకా ఆగాడు.

"తెల్సు సార్. మీ వేలికి నలుపు అంటలే. నేను సూసిన."

 మరి ఎందుకు బిగించావు, ఇంకోసారి చూడమని ఎందుకు అనలేదు అని అడిగాను.

"ఒకపారి అడిగిన గద సార్. మీరు సూసిన అన్నరు. మీ అసుంటోళ్ళను రెండోపారి ఎట్ల అడగాలె?"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే, ఎలా అడగాలో తెలియని మనిషి అడిగినట్టు అడిగాడు.  చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. చూపుడు వేలికి పొద్దుటి చైను గ్రీజు ఇంకా అంటుకునే ఉంది. సిద్దయ్య అది చూశాడు. నా చేయి తన చేతిలోకి తీసుకుని, ఆ నలుపును బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు, పిల్లవాడి చేయి తుడిచినట్టు. ఎంత గట్టిగా రుద్దుతున్నాడో అతనికి తెలియదు. నాకు నొప్పి పుట్టింది. చేయి వెనక్కి తీసుకోలేదు.